మూడు గళ్ళ కప్పు

కువైట్లోని సల్వాలో కప్పుల మీదా బనియన్ల మీదా బొమ్మలు అచ్చువేసే కొట్లో నేను పనిచేసిన రోజుల మాట. రెండు వేల ఐదో, ఆరో. కొట్టు ఎంత చిన్నదంటే, ఒక మనిషి లోపలికొస్తే నా ఊపిరి బయట నిలబడాల్సి వచ్చేది. కంప్యూటరు మాత్రం ఘనమైనది. దాని ఫ్యాను తిరిగితే విమానం దిగుతోందనుకుని ఎక్కడో ఊరవతల అమ్ఘరా తుక్కు కొట్లవాళ్ళు తలెత్తి చూసేవారని నా నమ్మకం.

ఒక గురువారం మా కోనసీమ అక్క ఒకావిడ వచ్చింది. పక్క వీధి ఇంట్లో వంట చేస్తుంది. అదే ఇంట్లో ఆరేళ్ళుగా ఆవిడతో కలిసి పనిచేస్తున్న ఇథియోపియా అమ్మాయి శనివారం పొద్దున్న విమానంలో పెళ్ళికి వెళ్ళిపోతోంది. ఇక రాదు. మధ్యాహ్నం మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, నిద్రపోగానే వంటింట్లో ఇద్దరూ కాఫీ తాగేవారట. అందుకని ఒక కాఫీ కప్పు మీద ఆ పిల్ల భాషలో ‘నా చెల్లి’ అని వేయించి ఇవ్వాలి. ఆ మాటను పక్కింట్లో పనిచేసే ఇంకో ఇథియోపియా ఆవిడ చేత మా కొట్టు ఈమెయిలుకి పంపించేసింది కూడా.

“ఒక్కటే మాట తమ్ముడూ. అది తప్పు పోకూడదు. ఇంకేం ఇచ్చుకోలేను దానికి.”

మెయిలు తెరిచాను. మూడు గళ్ళు. చదరంగా, బుద్ధిగా, ఒకదాని పక్కన ఒకటి. ఒత్తుల్లేవు, గుణింతాల్లేవు. క్షణంలో పండితుణ్ణయిపోయాను. వాళ్ళది చలి కొండల దేశమనీ, అందుకే అక్షరాలకి కూడా నాలుగు వైపులా గోడలు కట్టుకున్నారనీ అక్కకి వివరించాను. పాపం, నమ్మింది. బంగారు రంగు పోసి, చుట్టూ పెళ్ళి మండపానికి సరిపడా గులాబీలు పెట్టి అచ్చువేశాను.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. అక్క వచ్చి స్టూలు మీద మొహం తిప్పుకుని కూర్చుంది. ఆ అమ్మాయి కప్పు నా ముందు పెట్టింది. ఆరేళ్ళు అక్క దగ్గర నేర్చిన గోదావరి తెలుగు ఆ పిల్లది, నాకన్నా చిక్కనిది.

“ఏవండీ, అక్కేమో ఏడుస్తోందండి. నాకేమో నవ్వాగట్లేదండి. ఇది మా అక్షరం కాదండి. గడండి.”

“రేపొద్దున్నే వెళ్ళిపోద్ది,” అంది అక్క గోడతో.

అప్పుడు వెలిగింది నాకు. మూడేళ్ళ క్రితం ఇంటి నుంచి తెలుగులో వచ్చిన ఈమెయిలు ఇలాగే గళ్ళు గళ్ళుగా కనబడితే, తెలుగు ఫాంటు ఎక్కించేదాకా ఆ కంప్యూటర్ని ఎన్ని తిట్లు తిట్టానో. అదే గడి. నిన్న గుర్తుపట్టలేదు! ప్రతి అక్షరానికీ కంప్యూటర్లో ఒక నంబరు ఉంటుందనీ, నంబర్లు మూడూ క్షేమంగానే చేరాయనీ, వాటికి ఏ రూపం గీయాలో నా యంత్రానికే తెలియక గడి గీసి ఊరుకుందనీ చెప్పాను.

“ఆయ్. మరి నేర్పండి దానికి,” అంది ఆ అమ్మాయి.

వాళ్ళ ఫాంటు వెతికి దింపడం మొదలుపెట్టాను. అది దిగేలోగా ఎడారిలో మేకల దొడ్లుండే కబ్ద్‌లో ఓ మేక పుట్టి, పెరిగి, మనవల్ని ఎత్తుకుని ఉంటుంది. చివరికి గళ్ళు మాయమయ్యాయి. వాటి చోట మూడు అక్షరాలు నిలబడ్డాయి. ఆఖరిది కూడిక గుర్తుకి పాదం దగ్గర చిన్న చుట్ట చుట్టినట్టుంది.

ఆ అమ్మాయి తెర మీద వేలు పెట్టి మెల్లగా చదివింది. “ఇ, హ్, తే.” అక్క స్టూలు దిగొచ్చి, వేలు పక్కన వేలు పెట్టి తనూ చదివింది. నేనూ చదివాను. ముగ్గురం కలిసి మళ్ళీ చదివాం, ఒకటో తరగతి పిల్లల్లా.

కొత్త కప్పు వేడివేడిగా బయటికొచ్చింది. అక్క దాన్ని కొంగుతో పట్టుకుని అందించింది. ఆ పిల్ల తీసుకోలేదు.

“ఇది నీ దగ్గరే ఉండాలక్కా. మా భాషలో అక్కన్నా ఇదే మాట.”

“మరి నీకో?”

“నాకు గళ్ళదే ఇచ్చెయ్యి. మా ఊళ్ళో ఎవరైనా అడిగితే ఇది తెలుగని చెప్తా.”

అక్క నవ్విన నవ్వుకి నా ఫ్యాను చప్పుడు వినబడలేదు.