రెండో అంతస్తులో ఎర్ర పోగు

దెయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు జ్వరం మాత్ర మింగించేది నేనే. ఈ సంగతి కూడా ఇంకొకరు చెబితే ఎగతాళి చేసేదాన్నే.

పెడన దగ్గర మాది నేత ఇల్లు. అమ్మ ఏ చీర నేసినా దిష్టి తగలకుండా కొంగు చివర ఒక నల్ల పోగు వేసేది. నాకోసం నేసిన ఆకుపచ్చ చీరలో మాత్రం నా చిన్నప్పటి జడకుప్పెలు విప్పి, ఆ ఎర్ర దారం వేసింది. "దసరాకి వచ్చినప్పుడు పట్టుకెళ్దువుగానిలే" అంది. దసరా రాకముందే పోయింది.

అప్పుడు మా ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. నేను పుట్టింటికి వెళ్ళేసరికి అమ్మ దహనం అయిపోయింది.

"నీ చీరే అమ్మ మీద కప్పి పంపామమ్మా" అన్నాడు అన్నయ్య. కడసారి చూపు దక్కకపోయినా, ఆ ఒక్క మాట పట్టుకుని ఏడాది గడిపాను.

మొన్న ఆదివారం అన్నయ్యే మమ్మల్ని బెజవాడ తీసుకొచ్చాడు. కొండ మీద దర్శనం అయ్యాక పెద్ద మాల్ చూడాలి కదా, ఆ రెండూ చూడందే ఇప్పుడు బెజవాడ వచ్చినట్టే కాదు. కదిలే మెట్లెక్కడానికి మా వదిన చీర ఎత్తి పట్టుకుని, కాలవ దాటుతున్నట్టు దూకింది. నవ్వలేక చచ్చాను.

అన్నయ్య అన్నీ తిప్పి చూపించాడు. రెండో అంతస్తులో మాత్రం "చీరలు మనింట్లో లేవా, పదండి పదండి" అంటూ పైకి తోలుకుపోయాడు.

మూడో అంతస్తులో ఐస్‌క్రీమ్ తింటుంటే మైకులో వినిపించింది. తప్పిపోయిన పిల్లల కోసం చెబుతారే, అలాంటిదే.

"పిచికమ్మ అనే పాప ఎక్కడున్నా రెండో అంతస్తుకి రావాలి. చీరల దగ్గర వాళ్ళమ్మ ఎదురుచూస్తోంది."

నాకు యాభై రెండేళ్ళు. నన్ను పిచికమ్మా అని పిలిచింది అమ్మ ఒక్కతే. ఆ 'చి' దగ్గర సాగదీయడం కూడా అమ్మదే.

కప్పు అక్కడే పెట్టేసి కిందికి దిగాను. చీరల షాపు ముందు బొమ్మకి ఆకుపచ్చ చీర కట్టి ఉంది. కొంగు తిప్పి చూశాను. చివర ఎర్ర పోగు.

"అది అమ్మకానికి కాదండీ. ఫొటోలు దిగేవాళ్ళ కోసం పెట్టామండీ. కిందటేడు పెడన వైపు నుంచి వచ్చిన పీసు" అంది అక్కడి అమ్మాయి.

నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. అన్నయ్య చీర అమ్ముకున్నందుకు కాదు, అవసరమని అడిగితే నేనే ఇచ్చేసేదాన్ని. వాడి అబద్ధం కప్పుకుని ఏడాదిపాటు నిశ్చింతగా నిద్రపోయాను చూడండి, అందుకు.

తర్వాత మైకు దగ్గర కూర్చునే ఆయన్ని అడిగాను. ఆ మధ్యాహ్నం ఏ పాపా తప్పిపోలేదు, తాము ఏమీ చెప్పలేదు అన్నాడు. వదిన కూడా ఏమీ వినలేదంది. ఎవరు పిలిచారో నాకు ఇప్పటికీ తెలియదు. నా చెవులే మోసం చేశాయని సరిపెట్టుకుందును.

కానీ నేను కొంగు పట్టుకుని వెనక్కి తిరిగినప్పుడు అన్నయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. చీర వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. మెడ ఎత్తి, పైన స్పీకర్ వైపే చూస్తున్నాడు.