మూడో చెయ్యి

జార్కో రెండే చేతులతో విమానం నడపడం లేదని నాకు చలికాలం మొదట్లోనే అనుమానం వచ్చింది. నా పేరు రాదివోయ్, రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. ఎవడైనా కిటికీలోంచి మరీ శ్రద్ధగా బయటికి చూస్తున్నాడంటే వాడి దగ్గర టికెట్ లేదని నా లెక్క. ఉద్యోగం పోయినా ఆ కన్ను పోదు.

మా ఊరు కికిందాలో ఫైర్ స్టేషన్ పైగదిలో మాకో క్లబ్బుంది. ఆదివారం మధ్యాహ్నాలు కంప్యూటర్‌లో పాతకాలపు యుద్ధవిమానాలెక్కి ఒకళ్లనొకళ్లు కూల్చుకుంటాం. మామూలుగా ఎవరి ఇంట్లోంచి వాళ్లే ఎగురుతారు. గదిలో కలిసేది పోటీలప్పుడూ తగాదాలప్పుడూ. నియమం ఒక్కటే, అదీ నేను పెట్టిందే: ఒక విమానానికి ఒక మనిషి.

జార్కో పెంకుల ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పనిచేసినవాడు. పొడుగాటి మనిషి, కొంచెం వంగి నడుస్తాడు, మాట మహా పొదుపు. క్లబ్బులో చేరిన మొదటి ఏడాదంతా అందరి చేతుల్లోనూ చచ్చాడు. "వీడు మానేస్తే మనం ఎవణ్ణి కూల్చుకోవాల్రా?" అని క్లబ్బులో ఇంకో సభ్యుడు గావ్రా ఎగతాళి చేసేవాడు. అలాంటివాడు ఉన్నట్టుండి అందర్నీ కూల్చడం మొదలుపెట్టాడు. నేను వెనక పడితే చాలు, గిర్రున లోపలికి తిరిగి నా తోకే పట్టేవాడు.

అంత చిన్న మలుపు తిరగాలంటే ఫ్లాప్స్ దించాలి. రెక్కల వెనక అంచున ఉండే పలకలవి. దించితే విమానం నెమ్మదిస్తుంది గాని ఇరుకు చుట్టులో తిరుగుతుంది. దించి మరిచిపోయామా, వేగమంతా చచ్చి శత్రువుకి తేరగా దొరికిపోతాం. అందుకని మలుపు మలుపుకీ దించాలి, ఎత్తాలి. కానీ ఒక చెయ్యి స్టిక్ మీద, ఇంకో చెయ్యి ఇంజను మీట మీద ఉంటే ఫ్లాప్స్‌కి చెయ్యెక్కడిది? మేమంతా ఒక బటన్ నొక్కి సరిపెట్టుకుంటాం. పోరు ముదిరితే అదీ మరిచిపోతాం.

జార్కో పోరాటాల రికార్డింగులు పెట్టుకుని చూశాను. స్టిక్ కదులుతోంది. ఇంజను హెచ్చుతూ తగ్గుతూ ఉంది. అదే క్షణంలో ఫ్లాప్స్ వేలెడు దిగుతున్నాయి, అరవేలు లేస్తున్నాయి. ఏదో దొంగ ప్రోగ్రాం పెట్టుకున్నాడని తేల్చేశాను.

వాడు పరాయివాడైతే ఆ రోజే వెళ్లగొట్టేవాణ్ణి. వాడి పెళ్లిలో పక్కన సాక్షిగా నిలబడ్డ కూమ్‌ని నేను. కూమ్ అంటే మాలో తోబుట్టువు కంటే ఒక మెట్టు పైన. ఆ చనువుతోనే చెప్పాపెట్టకుండా వాడింటికి వెళ్లాను.

తలుపు సవేత తీసింది. మొగుడూపెళ్లాలిద్దరికీ మాటల్లేవని ఊరందరికీ తెలుసు. ఆమె తండ్రి నాటిన అక్రోటు చెట్టుని, ఆమె ఊళ్లో లేని రోజు చూసి, పెరడంతా నీడేనని జార్కో కొట్టేయించాడు. ఆ రోజు నుంచి ఆమె వాడితో మాట్లాడలేదు. వాడూ తప్పయిందని అనలేదు. ఏళ్లు గడిచిపోయాయి. ఏం చెప్పుకోవాలన్నా పిల్లికి చెబుతారు.

"మిత్సా, కూమ్ వచ్చాడని ఆయనకి చెప్పు," అంది సవేత.

"మిత్సా, కూర్చోమను. రకియా సారా కూడా పొయ్యమను," అన్నాడు లోపల్నుంచి జార్కో.

పిల్లి పొయ్యి పక్కనుంచి కదల్లేదు. రకియా గ్లాసులు మాత్రం వచ్చాయి.

కంప్యూటర్ బల్లకి ఒక ఇనప చక్రం బిగించి ఉంది. సవేత పాత కుట్టుమిషనుది.

"ఇదేంట్రా?"

"ఫ్లాప్స్‌కి. మెసర్‌ష్మిట్ విమానంలో నిజంగానే చక్రం ఉండేది కదా."

"మంచిదే. ఏ చేత్తో తిప్పుతావేం?"

జార్కో కిటికీలోంచి చలికాలం చౌకులో చెట్ల మీద చేరే గుడ్లగూబల్ని మరీ శ్రద్ధగా చూశాడు. ఇంకేం కావాలి నాకు?

"వచ్చే ఆదివారం గదికొచ్చి అందరి ముందూ ఎగురు. తేడా వచ్చిందో, క్లబ్బులోంచి పంపించేస్తా. కూమ్ అని కూడా చూడను."

వాడి మొహం పాలిపోయింది. "అంత పని చెయ్యకు కూమా. వారం మొత్తానికి నాకున్నది ఆ ఒక్క పూటే."

టికెట్ లేనివాళ్లందరూ ఇలాగే బతిమాలతారు. నా అనుమానం రెట్టింపయింది. బల్ల ముందు రెండు కుర్చీలున్నాయి. ఒకదాని నిండా పిల్లి వెంట్రుకలుంటే, అది మిత్సాదనుకున్నాను.

ఆదివారం వాడు చక్రం చంకన పెట్టుకుని ఒక్కడే వచ్చాడు. నాతోనే పోరు. చూడలేకపోయాం. చక్రం పట్టుకుంటే ఇంజను వదిలేశాడు, ఇంజను అందుకునేసరికి ఫ్లాప్స్ దిగే ఉన్నాయి. నేను కాల్చే పని కూడా లేకుండా తిరగబడి పొలంలో పడ్డాడు.

"మన పాత జార్కో తిరిగొచ్చాడ్రోయ్!" అన్నాడు గావ్రా, చేతిలో పొగాచిత్సా రొట్టె ఊపుతూ.

ఇంట్లో దొంగతనం, ఇక్కడ ఇదీ బండారం. నేను తీర్పు చెప్పడానికి లేచాను. అప్పుడే తలుపు తోసుకుని సవేత వచ్చింది. కోటు కింద వంటింటి ఏప్రన్ కనబడుతోంది. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

"కూమా, ఆ చక్రం నాది. తిప్పేదీ నేనే."

"నువ్వా? మీ ఇద్దరికీ మాటలే లేవు కదమ్మా!"

"తిప్పడానికి మాటలెందుకు? మలుపు తీసే ముందు ఆయన ఎడమ భుజం లేస్తుంది. వేగం సూది చూసుకుని తిప్పుతాను. ఒకరోజు కూరగాయలు తరుగుతూ చూశాను, ఆయన చచ్చీ చచ్చీ బతుకుతున్నాడు. చూళ్లేక పక్కన కూర్చున్నా. ఆయన వద్దని పిల్లితో కూడా చెప్పలేదు."

"ఒక విమానానికి ఇద్దరు మనుషులు!" గావ్రా చప్పట్లు కొట్టాడు. "రాదివోయ్, ఏదీ నీ నియమం?"

నాకింకా నమ్మకం కుదర్లేదు. "ముందు చేసి చూపించండి," అన్నాను.

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. సవేత కోటు జేబులు తడుముకుంది. "కళ్లజోడు మరిచిపోయొచ్చాను. సూది కనబడదు," అంది, ఎవరితోనో తెలియకుండా.

పోరు మొదలైంది. నేను వాడి వెనక చేరాను. వాడి ఎడమ భుజం లేచింది. చక్రం కదల్లేదు.

"దించనా?" అంది సవేత.

గదిలో పిల్లి లేదు. గావ్రా రొట్టె నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. జార్కో తెర వదిలి ఆమె వైపు తిరిగాడు. ఆ కాసేపట్లో నేను వాణ్ణి సునాయాసంగా కూల్చేయొచ్చు. నా వేలు కదల్లేదు.

"దించు," అన్నాడు.

"ఎంత?"

"కొంచెం. ఇంకొంచెం. చాలు సవేతా, చాలు."

"ఎత్తనా?"

"ఆగు." వాడు స్టిక్ లాగి పట్టాడు. "ఆ చెట్టు కొట్టించకుండా ఉండాల్సింది."

"అదిగో, మన ముందుకొచ్చేశాడు. ముందు కాల్చు," అంది సవేత.

కాల్చాడు. నా రెక్క ఊడి ఎగిరిపోయింది. అంత హాయిగా నేనెప్పుడూ చావలేదు.

"ఏంటి మరి తీర్పు?" అన్నాడు గావ్రా.

"నియమం నేను పెట్టిందే. రేపు మారుస్తా," అన్నాను. "నువ్వు నోరు మూసుకుని రొట్టె తిను."

జార్కో మరలు విప్పుతుంటే చక్రం కింద పడకుండా సవేత పట్టుకుంది. మలుపులో ఎక్కడ ఆలస్యమైందో ఇద్దరూ అప్పుడే వాదించుకుంటున్నారు. నాకు మాత్రం ఒక సంగతి మింగుడు పడలేదు. కళ్లజోడు లేనిదే సూది కనబడని మనిషికి, అదే తెర మీద గోరంత ఉన్న నా విమానం ఎలా కనబడింది? ఆమె చక్రం కోసం వంగినప్పుడు, ఏప్రన్ జేబులోంచి కళ్లజోడు కాడ బయటికి పొడుచుకొచ్చి ఉంది.

నేను చూడటం సవేత చూసింది. జీవితమంతా అడిగి అడిగి పట్టుకున్నవాణ్ణి. ఆమెని మాత్రం టికెట్ అడగలేదు. గుడ్లగూబలు ఇంకా చెట్ల మీదే ఉన్నాయేమోనని, కిటికీలోంచి మరీ శ్రద్ధగా బయటికి చూశాను.