పిన్నులు సరిపోతే చాలదు

పెద్దాపురం దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. ఏడాదికోసారి రెన్యూవల్ అయ్యే కాంట్రాక్టు ఉద్యోగం. అలాంటి ఉద్యోగం చేసేవాళ్ళు నోరు మూసుకుని ఉండాలని అందరి నమ్మకం. నాకు ఆ విద్య అబ్బలేదు.

మా ల్యాబ్‌లో ఇరవై బేస్ బోర్డులుండేవి. డిస్‌ప్లే, కీప్యాడ్, మోటారు, సెన్సార్లు అన్నీ వాటి మీదే. మధ్యలోని సాకెట్‌లో మైక్రోకంట్రోలర్ మాడ్యూల్ గుచ్చి విద్యార్థులు ప్రోగ్రాములు రాసేవారు. పాత మాడ్యూళ్ళు దొరకడం మానేశాయి. కొత్తవి తెచ్చిన సప్లయర్ కాకినాడ నుంచి కాజాల డబ్బా కూడా పట్టుకొచ్చాడు. అక్కడే నాకు అనుమానం మొదలైంది.

"చూశారాండీ, పిన్నుకి పిన్ను సరిపోయింది" అంటూ అతను మాడ్యూల్‌ని సాకెట్‌లో నొక్కి, తన ల్యాప్‌టాప్ నుంచి వైరు పెట్టాడు. ల్యాప్‌టాప్ ఇచ్చిన కరెంటుతోనే మాడ్యూల్ మీద చిన్న లైటు మిణుకుమంది. మా హెచ్ఓడీ గారు పెళ్ళిసంబంధం కుదిరినంత సంబరపడ్డారు.

"బోర్డు స్విచ్ కూడా వేయండి" అన్నాను.

"ఇప్పుడదెందుకండీ, పనిచేస్తోంది కదా" అన్నాడతను.

పాతది ఐదు వోల్టులతో నడిచేది. కొత్తది ఓర్చుకునేది మూడు చిల్లర. బోర్డు ఐదు వోల్టులు పంపే చోటికే కొత్తదాని మూడు వోల్టుల పిన్ను వచ్చి కూర్చుంది. వీళ్ళు పిన్నులు లెక్కపెట్టారే గాని, ఏ పిన్ను పనేంటో కాగితం తీసి చూడలేదు. స్విచ్ నేనే వేశాను. లైటు ఆరిపోయి కాలిన వాసన వచ్చింది. అబద్ధమెందుకు, సంతోషించాను.

"లాట్‌లో ఒకటీ అరా పోతుంటాయమ్మా" అన్నారు హెచ్ఓడీ గారు. "సోమవారం తనిఖీకి వస్తున్నారు. స్టాకు రిజిస్టర్లో సరిపోయాయని రాసి సంతకం పెట్టెయ్."

"మధ్యలో వోల్టులు తగ్గించే చిన్న అడాప్టర్ బోర్డు పెడితే నిజంగానే సరిపోతాయి సార్. పది రోజులివ్వండి, నేనే చేస్తాను."

"అంత టైమెక్కడిదమ్మా? నీ రెన్యూవల్ ఫైలు నా టేబుల్ మీదే ఉంది, గుర్తుందా?"

ఒళ్ళు మండింది. మా కాలేజీలో బోర్డు కాలితే దాని ముందు కూర్చున్న విద్యార్థికే మార్కులు కోస్తారు, అజాగ్రత్త అని రికార్డులో రాస్తారు. రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు మోసేవాళ్ళ పిల్లలున్నారు మా క్లాసుల్లో. ఎదురు మాట్లాడరు. నా సంతకం నమ్మి స్విచ్ వేస్తే, ఆ నింద వాళ్ళు మోయాలా?

రిజిస్టర్ తెరిచాను. "ఈ మాడ్యూళ్ళు మన బేస్ బోర్డులకు సరిపోవు. స్విచ్ వేస్తే కాలిపోతాయి. హెచ్ఓడీ గారి ఎదుటే ఒకటి కాలింది" అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాను.

ఆయన చదివి మొహం మాడ్చుకున్నారు. "ఏంటమ్మా ఇది? ఆ పేజీ చింపెయ్."

"పేజీలకి నంబర్లున్నాయండి. చింపాలంటే మీరే చింపండి" అని రిజిస్టర్ ఆయన ముందుకు జరిపాను.

ఆయన చింపలేదు. మాడ్యూళ్ళు వచ్చిన డబ్బాల్లోనే వెనక్కి వెళ్ళాయి. ఆ వేసవిలో నా కాంట్రాక్టు రెన్యూవల్ కాలేదు. ఇప్పుడడిగినా అదే రాస్తాను.