మోచేతి కింద స్విచ్

గద్వాల బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసే తౌసీఫ్‌కు, వడ్డేపల్లిలో ఉండే నిరంజన్ బడినాటి దోస్తు. ఆ రోజుల్లో ఇద్దరూ క్లాసులు ఎగ్గొట్టి వీడియో గేముల దుకాణంలో కూర్చునేవారు. నిరంజన్ వేళ్ల వేగం చూడటానికి పెద్దవాళ్లు కూడా ఆగేవారు.

నిరుడు వానాకాలంలో కరెంటు స్తంభం మీద పనిచేస్తుండగా నిరంజన్‌కు షాక్ కొట్టింది. డాక్టర్లు కుడిచేతిని మోచేయి కింద తీసేశారు. ఇంటికొచ్చాక మిగిలిన మొండిచేతిని తువ్వాలుతో కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు.

"అన్నా, ఆయన ఎవ్వరితోని మాట్లాడుతలేడు. జర ఒక్కసారి వచ్చిపో," అని నిరంజన్ భార్య వర్ష తౌసీఫ్‌కు ఫోన్ చేసింది.

వట్టి చేతులతో వెళ్లడానికి తౌసీఫ్‌కు మనసొప్పలేదు. పాత కంప్యూటర్లో, అప్పటి గేములను ఆడించే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ వేసి, చిన్ననాటి గేములు ఎక్కించాడు. తన కుడిచేతిని నడుముకు కట్టేసుకుని ఒక్కో కంట్రోలర్ పరీక్షించాడు. వైర్‌లెస్‌ది నొక్కిన కాసేపటికి గానీ తెరమీది బొమ్మ కదలడం లేదు. వైరుదానిలో బొమ్మను అటూ ఇటూ నడిపే, కూడిక గుర్తు ఆకారపు బటన్ ఎడమవైపే ఉంది గానీ, దూకే బటన్ కుడివైపుంది. దూకే పనిని ఎడమ చూపుడువేలి కిందున్న బటన్‌కు మార్చి చూస్తే వేళ్లు పెనవేసుకుపోయాయి. చివరికి కంట్రోలర్ విప్పి, దూకే బటన్‌కు రెండు వైర్లు అతికించి, చెక్కకు బిగించిన పెద్ద స్విచ్‌కు కలిపాడు. నిరంజన్ దాన్ని కాలితో నొక్కుతాడనుకున్నాడు. అన్నీ మోసుకుని వడ్డేపల్లి వెళ్లి, అతని మంచం పక్కన బిగించాడు.

"నాకెందుకురా గిదంతా?" అన్నాడు నిరంజన్, ఇటు తిరగకుండానే.

తౌసీఫ్ ఒక్కడే ఆడటం మొదలుపెట్టాడు. బొమ్మ మళ్లీ మళ్లీ గుంతలో పడుతోంది.

"గట్ల కాదు. అంచుకు రాకముందే దుంకాలె."

తల తిప్పి చూస్తున్న నిరంజన్ లేచి కూర్చున్నాడు. కంట్రోలర్ ఎడమచేత్తో పట్టుకుని చెక్క మీద కాలు పెట్టాడు. రెండుసార్లు ఓడిపోయాడు. "కాలు మాట వింటలేదు," అని కాలు వెనక్కి లాక్కున్నాడు. తర్వాత తానే తువ్వాలు తీసేసి, చెక్కను బల్లమీదికి జరిపి, కుడి మోచేతితో స్విచ్ నొక్కాడు. నొప్పికి మొహం ముడుచుకుంది. అయినా మళ్లీ నొక్కాడు. గుమ్మంలో నిలబడ్డ వర్ష చప్పుడు కాకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు మొదటి ఆట కూడా పూర్తి కాలేదు.

వారం తర్వాత నిరంజన్ ఒక్కడే బస్సెక్కి దుకాణానికి వచ్చాడు. "స్విచ్ గట్టిగున్నది, మెత్తటిది పెట్టు," అన్నాడు. తౌసీఫ్ మారుస్తుండగా, స్తంభం మీద ఆ రోజు ఏం జరిగిందో మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. తౌసీఫ్ పని ఆపి, షట్టరు సగం దించి, చివరిదాకా విన్నాడు.