నాలుగడుగుల దూరం, ఇద్దరి మీదుగా

మా ప్రొఫెసరుగారు నాతో నేరుగా మాట్లాడరు. మౌనవ్రతమేమీ కాదు, ఆయన నోటికి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. క్లాసులో గంట కొట్టినా ఆగరు. కానీ ప్రయోగశాలలో అడుగుపెట్టారంటే, పని మాట ఏదైనా ముందు గాజుసామాను కడిగే పిన్నికి చెబుతారు. పిన్ని టెక్నీషియన్‌కి చెబుతుంది. టెక్నీషియన్ నాకు చెబుతాడు. ఆయన కుర్చీకీ నా బల్లకీ నడుమ నాలుగడుగులు.

ఎందుకండీ అంటే శాస్త్రం విప్పారు, అదీ పిన్ని ద్వారానే. హార్మోను తిన్నగా కణంలోకి దూరదట. పైపొర మీద గ్రాహకం దాన్ని అందుకుని లోపలి ప్రోటీన్‌ని తట్టి లేపుతుందట. అది ఇంకోదాన్ని లేపుతుందట. అలా చేతులు మారి కబురు కేంద్రకానికి చేరుతుందట. కణాలకున్న పద్ధతి మనకుండొద్దా అని ఆయన ప్రశ్న.

స్టెరాయిడ్ హార్మోన్లు నేరుగానే లోపలికి పోతాయి కదా అని నేనూ కబురు పెట్టాను. అరగంటకి టెక్నీషియన్ నోట జవాబొచ్చింది.

"అవి కొవ్వులో కరుగుతాయట. నువ్వు కరుగుతావా అని అడగమన్నారు."

ఒకరోజు ఇంక్యుబేటర్ తలుపు సరిగ్గా పడలేదు. ఆయన నా భుజం పక్కనే నిలబడి చూశారు. చూసి, గబగబా కడిగే గదికి నడిచారు. ఆ తలుపు తానే తోస్తే చెయ్యి అరుగుతుందా? పిన్ని తడి చేతులు తుడుచుకుని టెక్నీషియన్ని వెతికింది. అతనొచ్చి తలుపు వెయ్యమన్నారని చెప్పాడు. నేను లేచి గది తలుపు వేశాను. మూడు వారాలు పెంచిన కణాలు చచ్చి ఊరుకున్నాయి.

ఒళ్లు మండి, పిన్ని మీదుగా వచ్చే కబుర్లతో పని చెడుతోందని డైరెక్టరుగారికి ఫిర్యాదు రాసి పడేశాను.

మర్నాడే డైరెక్టరుగారు ఫైలుతో దిగారు. గాజుసామాను కడిగే యంత్రం ఆరు నెలల కిందటే వచ్చింది, ఇంక పిన్ని ఉద్యోగం దేనికని ఆ ఫైలు. ఆవిడ లేనిదే ఇక్కడ ఒక్క పనీ సాగదని ప్రొఫెసరుగారు అందులో రాశారు. దానికి ఎదురుగా ఇప్పుడు నా ఉత్తరం ఉంది.

ఆరు నెలలు. ఈ కబుర్ల గొలుసు మొదలైందీ సరిగ్గా అప్పుడే. ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న మనిషి పొట్ట నా చేతులతో కొట్టబోయానని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పు నాదేనండీ. తలుపు సరిగ్గా వెయ్యనిది నేనే. పిన్ని లేకపోతే మాకు ఏ కబురూ అందదు" అన్నాను.

డైరెక్టరుగారు ప్రొఫెసరుగారి వైపు చూశారు. ఆయన వంగి పక్కనే ఉన్న పిన్నితో ఏదో చెప్పారు.

"గ్రాహకం పోతే ఎంత హార్మోను పోసినా కణం వినదని సార్ అంటున్నారండీ" అంది పిన్ని.

డైరెక్టరుగారు తల పట్టుకుని, ఉద్యోగం ఉంచుతున్నట్టు రాసి వెళ్లిపోయారు.

క్షమాపణ చెప్పుకుందామని కడిగే గదికి వెళ్లాను. ఆయన ఇన్నాళ్లూ ఆడిందంతా ఆవిడ కోసమేనని చెప్పాను.

"మొదటి వారమే తెలిసింది బాబూ. అంత మాటకారి నాకోసం నోరు కట్టేసుకుని తిరుగుతుంటే తెలీదూ?"

ఫ్లాస్కు బోర్లించి, గొంతు తగ్గించింది.

"ఈ ఒక్క మాటా ఆయన దాకా చేరనివ్వకు."