ఇరవై రెండో వారం

ఎర్మెలిందా తల్లి నలభై ఎనిమిదో ఏట ఒళ్లంతా పచ్చబడి చనిపోయింది. ముందు కళ్లు పచ్చబడ్డాయి, తర్వాత అరచేతులు, గోళ్లు. ఆఖరికి ఒళ్లు తుడిచిన గుడ్డకు కూడా ఆ పసుపు అంటేది. పిత్తాశయంలో రాళ్లున్నాయని అంతకు ఆరేళ్ల ముందే తెలుసు. బుది సరస్సు చుట్టుపక్కల మపూచే తెగ ఆడవాళ్లలో ఆ రాళ్లు లేనిదెవరికని ఆవిడ నవ్వేసేది. బంగాళాదుంపలు తవ్వాక చూద్దామని ఒక ఏడు, గోధుమ కోతలయ్యాక చూద్దామని ఇంకో ఏడు వాయిదా వేసింది. చివరికి నగరంలోని పెద్దాసుపత్రిలో పొట్ట కోసి, లోపల చూసి, దేన్నీ ముట్టుకోకుండానే మళ్లీ కుట్టేశారు. అది క్యాన్సరని అప్పుడు చెప్పారు. ఆ తర్వాత ముప్పై తొమ్మిది రోజులు బతికింది. అన్ని రోజులూ ఒళ్లు తుడిచింది ఎర్మెలిందాయే.

అందుకే 1997 ఏప్రిల్‌లో, పెదనాన్న అంత్యక్రియల భోజనం ముగిసిన గంటకు కుడి డొక్క కింద నొప్పి మొదలై వీపులోకి పాకినప్పుడు, అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పంది మాంసం పులుసు, కొవ్వులో వేయించిన రొట్టెలు తిన్నది. బల్ల అంచు పట్టుకుని వంగిపోయింది. అప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్లు, నాలుగో నెల నడుస్తోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు బిడ్డకేదో అయిందని కంగారుపడ్డారు. బిడ్డకేమీ కాలేదని ఆమెకు తెలుసు. తెలిసినా ఊరట కలగలేదు.

రెండేళ్ల కిందటే స్కానింగ్‌లో రాళ్లు బయటపడ్డాయి. ఆపరేషన్‌కి పేరు రాసుకున్నారు. పిలుపు రాలేదు, ఆమే వెళ్లి అడగనూ లేదు. ఈలోగా కడుపు వచ్చింది.

ఈ కడుపు కోసం ఆ ఇంట్లో అందరూ నాలుగేళ్లుగా ఎదురు చూశారు. పెద్దది ఇసోలినాకి తొమ్మిదేళ్లు. దాని తర్వాత పుట్టిన మగబిడ్డ ఏడో నెలలోనే, ఊపిరి లేకుండా పుట్టాడు. ఆ రోజు ఎర్మెలిందాకి మత్తు ఇచ్చారు. ఆమె కళ్లు తెరిచేసరికి భర్త ఫెర్మీన్ మంచం పక్కన కూర్చుని ఏడుస్తున్నాడు, గదిలో మిగతా బాలింతలు మొహాలు తిప్పుకుని ఉన్నారు. అందరికీ తెలిశాక తెలిసింది ఆమెకు. బిడ్డను అత్త సొయిలా దుప్పట్లో చుట్టి, శాలువా కింద దాచుకుని, బస్సులో ఎవరికీ అనుమానం రాకుండా రెండు గంటలు ఒళ్లో పెట్టుకుని ఊరికి తెచ్చింది. దారిలో పక్క సీటావిడ బిడ్డ నిద్రపోతున్నాడా అని అడిగితే, అవునంది. ఆ సంగతి సొయిలా ఒక్కసారే చెప్పింది. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఏప్రిల్‌లో ఆసుపత్రిలో మూడు రోజులు సెలైన్ పెట్టి పంపారు. సర్జన్ మార్దోనెస్ యాభై ఏళ్ల మనిషి, మాట మెల్లగా ఉంటుంది. మొదటి మూడు నెలల్లో పొట్ట కొయ్యరనీ, చివర్లో కడుపు పెద్దదై చెయ్యి ఆడదనీ, చేయించుకోవాలంటే ఈ మధ్య నెలల్లోనే కాస్త నయమనీ చెప్పాడు. ఫెర్మీన్ వద్దన్నాడు. కొవ్వు మానేస్తుందన్నాడు, ప్రసవమయ్యాక తనే తీసుకొస్తానన్నాడు. ఎర్మెలిందా కూడా తల ఊపింది.

ఇంటికొచ్చాక సొయిలా కోడల్ని మాచి దగ్గరకు తీసుకెళ్లింది. ఊళ్లో వైద్యం చూసే ఆ పెద్దావిడ పొద్దుటి మూత్రాన్ని సీసాలో పట్టించి, వెలుగుకి ఎత్తి చాలాసేపు చూసింది. కడుపు చల్లబడే ఆకులిచ్చింది. ఆకులతో రాయి కరగదని కూడా అంది.

"కళ్లు పచ్చబడినా, తిన్నది ఇమడకపోయినా నా దగ్గరకి రాకండి. తిన్నగా ఆసుపత్రికి పోండి" అంది.

సొయిలా దారి పొడుగునా ఆకుల గురించే మాట్లాడింది. రెండో మాట ఆవిడ చెవిన పడనట్టే ఉంది.

ఉడకబెట్టిన బంగాళాదుంపలు, నీళ్లలో కలిపిన వేయించిన గోధుమపిండి, ఆకుల కషాయం. నెల రోజులు ఎర్మెలిందా ఇవి తప్ప ఇంకోటి ముట్టలేదు. అయినా మేలో రెండుసార్లు నొప్పి వచ్చింది. రెండోసారి నీళ్లు తాగినా కక్కేసింది. నాలుగు కిలోలు తగ్గింది. కడుపు పెరుగుతుంటే చేతులు సన్నబడిపోయాయి. ఫెర్మీన్ పైన్ తోటల్లో చెట్లు కొట్టే పనిలో ఉన్నాడు, పదిహేను రోజులకోసారి గానీ ఇంటికి రాడు. వానలో చెల్లెలు నెల్దా వచ్చి, ఆరోగ్య కేంద్రం అంబులెన్స్‌ని పిలిపించి అక్కని ఎక్కించింది. సొయిలా వాళ్ల వెనకే ఎక్కి కూర్చుంది.

అది ఇరవై రెండో వారం. స్కానింగ్‌లో పిత్తాశయం గోడ వాచి ఉంది. మందులతో తగ్గిస్తే మళ్లీ వస్తుందని, రాయి జారి క్లోమం దారికి అడ్డుపడితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పేనని మార్దోనెస్ చెప్పాడు. ఆపరేషన్ చేస్తే నొప్పులు మొదలై బిడ్డ జారిపోయే భయం లేదని మాత్రం అనలేనన్నాడు. ఈ వారం దాటితే తనకు ఇంకా కష్టమవుతుందన్నాడు. ఫెర్మీన్‌కి కబురు పంపారు గానీ వాన వల్ల కొండ దారి మూసేశారు. సాయంత్రం లోపు ఏదో ఒకటి తేల్చుకోమన్నారు.

సొయిలా మంచం పట్టె మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఇంకో పద్నాలుగు వారాలే కదే. పళ్ల బిగువున ఓర్చుకో. నేనున్నాగా, నీళ్లూ కట్టెలూ అన్నీ నేను చూసుకుంటా. నువ్వు మంచం దిగక్కర్లా."

"ఓర్చుకోవడం నాకు చేతకాక కాదత్తయ్యా."

"మరింకేంటి?"

నెల్దా అందుకుంది. "మా అమ్మ కూడా ఓర్చుకుంది కదా. చూశావుగా ఏమైందో" అంది. సొయిలా ఆమె వైపు తిరిగి, "నువ్వు ఎత్తుకు తెచ్చావా ఆ బిడ్డని, నేను తెచ్చాను" అంది. గొంతు పెంచలేదు.

ఎర్మెలిందా మనసులో అప్పటికే ఒక మాట తేలి ఉంది. అది పైకి అనదగ్గది కాదు. ఇంటి దగ్గర ఇసోలినా ఉంది. ఇద్దరిలో ఒకరే మిగలాల్సి వస్తే, ఆ పిల్లకి తల్లి మిగలాలి. లోపల ఉన్నదాని మొహం తను ఇంకా చూడలేదు. ఇలా అనుకున్న క్షణంలోనే బిడ్డ కదిలింది. ఆమె కడుపు మీంచి చెయ్యి తీసి దుప్పటి మీద పెట్టుకుంది. ఆ ఆలోచన సంగతి ఆ రోజు ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం డాక్టర్ వచ్చినప్పుడు ఒక్కటే అడిగింది.

"మత్తులో ఉండగా బిడ్డ పోతే నాకు తెలుస్తుందా, డాక్టర్ గారూ?"

"తెలీదమ్మా. నువ్వు లేచాకే చెప్పగలం."

"అయితే ముందు నాకే చెప్పండి. మా వాళ్లకి చెప్పి, వాళ్ల ఏడుపు చూసి నాకు తెలియడం వద్దు."

ఆయన అలాగేనన్నాడు. ఆమె సంతకం పెట్టింది. సొయిలా కిటికీ వైపు తిరిగి నిలబడింది.

మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ చేశారు. ఎర్మెలిందాకి ముందుగా వినిపించింది మార్దోనెస్ గొంతే. "గుండె కొట్టుకుంటోందమ్మా" అన్నాడు. ఎవరిదని అడగబోయి మళ్లీ మత్తులోకి జారిపోయింది. మూడో రోజు నొప్పులు మొదలయ్యాయి. రెండు రోజుల పాటు ఐదేసి నిమిషాలకు కడుపు బిగుసుకునేది, మందు ఎక్కించేవారు, సడలేది. సొయిలా కుర్చీలోంచి లేవలేదు. కోడలితో మాట్లాడలేదు గానీ, ప్రతి బిగువుకీ ఆమె పాదాలు పట్టుకుని కూర్చుంది. ఆ రెండో రోజు చీకటి పడేలోగా నొప్పులు ఆగాయి. బిడ్డ నిలిచింది.

ఫెర్మీన్ వచ్చి, తనని అడక్కుండా సంతకం ఎలా పెట్టావని ఒక మాట అన్నాడు. తర్వాత ఆమె కడుపుకి చెవి ఆనించి పెట్టుకున్నాడు. ఆ మాట అక్కడితో ముగిసింది.

జూన్ అంతా బాగా గడిచింది. ఎర్మెలిందాకి అన్నీ తినాలనిపించేది. తిన్నదంతా ఇమిడేది. సొయిలా కోడిని కోసి పులుసు పెట్టింది. ఊళ్లో వాళ్లు చూడటానికి వచ్చినప్పుడు, మా కోడలు మొండిది కాబట్టి బతికిందని చెప్పుకుంది.

జూలై మొదటివారంలో ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. తీసేసిన పిత్తాశయాన్ని పరీక్షకు పంపారన్న సంగతే ఇంట్లో అందరూ మరిచిపోయారు. గోడలో క్యాన్సర్ ఉందని, పైకి కనిపించేంతగా లేదని, రాళ్లు అంత బాధ పెట్టకపోతే ఇంకొన్నేళ్లు ఎవరికీ తెలిసేది కాదని మార్దోనెస్ చెప్పాడు. ఆయన రాసిన కాగితం చదవకుండా, వాళ్ల మొహాలు చూస్తూ చెప్పాడు. మళ్లీ కొయ్యాలి. ఈసారి కాలేయంలో కొంత ముక్క, చుట్టూ ఉన్న గ్రంథులు కూడా తీసేయాలి. కడుపుతో ఉండగా అంత పెద్ద ఆపరేషన్ కుదరదు. బిడ్డను ఇప్పుడే బయటికి తీస్తే ఇరవై తొమ్మిదో వారం. ఊపిరితిత్తులు ఇంకా ఎదగలేదు. ఇక్కడ అలాంటి పిల్లల్లో సగంమంది దక్కుతారు, సగంమంది దక్కరు. ఆగితే బిడ్డకు మంచిది. ఆగితే ఆ జబ్బు ఎంత దూరం పాకుతుందో తను చెప్పలేడు.

బయట వరండాలో ఫెర్మీన్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఇప్పుడే తీయించెయ్యి. ఏమైతే అదవుద్ది."

"మొన్న వద్దన్నవాడివి నువ్వేగా."

"అప్పుడు నాకు తెలీదు."

"నేను ఒకసారి దాన్ని పక్కన పెట్టాను, ఫెర్మీన్. ముందు నా ప్రాణం, తర్వాతే నువ్వు అనుకున్నాను. అయినా అది ఉండిపోయింది. మళ్లీ అదే మాట దానితో అనలేను."

అతనికి అర్థం కాలేదు. ఆమె ఆ రోజు ఏమనుకుందో అప్పుడు చెప్పింది, మే నెల నుంచి ఎవరికీ చెప్పనిది. అతను బెంచీ మీద కూర్చుండిపోయాడు. ముప్పై ఐదో వారం వరకు ఆగుతానని ఆమే లోపలికెళ్లి డాక్టర్‌తో చెప్పి వచ్చింది.

ఆ ఆరు వారాలూ ఆమె మామూలుగానే బతికింది. ఉన్ని వడికింది, ఇసోలినాకి లెక్కలు చెప్పింది. అద్దంలో కళ్లు మాత్రం రోజుకి పదిసార్లు చూసుకునేది, పచ్చదనం కోసం. ఆగస్టు మధ్యలో పొట్ట కోసి ఆడపిల్లను తీశారు. రెండు కిలోలకు కాస్త తక్కువ. ఎలియానా అని పేరు పెట్టారు. గట్టిగా ఏడ్చింది. సెప్టెంబరు ఆఖరున రెండో ఆపరేషన్ జరిగింది. కాలేయంలో ఒకచోట అది అప్పటికే ఉంది. ఆగడం వల్ల వచ్చిందా, మొదటి నుంచీ ఉందా అని ఫెర్మీన్ అడిగితే, మార్దోనెస్ తనకు నిజంగా తెలియదన్నాడు.

ఏడాదిన్నర ఆమె కులాసాగానే ఉంది. బంగాళాదుంపలు నాటింది, తవ్వింది. ఎలియానా నడవడం చూసింది. నీకున్న రాళ్లు కూడా తీయించుకోమని చెల్లెలి వెంటపడింది. నొప్పి లేని నేనెందుకు కోయించుకోవాలని ఆమె విసుక్కున్నా వదల్లేదు, తనే బస్సెక్కించి తీసుకెళ్లింది. నెల్దాకి పదకొండు రాళ్లు తీశారు. పరీక్షలో చెడు ఏమీ లేదని వచ్చింది. ఆ కాగితాన్ని ఎర్మెలిందా నెల్దా చేత రెండుసార్లు చదివించుకుని విన్నది.

1999 జూన్‌లో, అక్కడి శీతకాలంలో, జబ్బు తిరగబెట్టింది. ఆగస్టుకల్లా ఆమెకూ తల్లికొచ్చిన రంగే వచ్చింది. ఒళ్లు తుడవడం సొయిలా తన పనిగా పెట్టుకుంది, ఇంకెవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. కత్తి పెట్టడం వల్లే జబ్బు ఒళ్లంతా పాకిందని ఊళ్లో ఎవరో అంటే, వాళ్లని గుమ్మంలోంచే పంపేసింది.

ఇసోలినాకి అప్పటికి పదకొండు దాటింది. ఊళ్లో మాటలు దాని దాకా వచ్చాయి. ఒక మధ్యాహ్నం, చెల్లెలు పొయ్యి పక్కన నిద్రపోతుండగా, తల్లి మంచం మీద కూర్చుని అడిగింది.

"అమ్మా, చెల్లి కోసం ఆగావంట కదా. ఆగకపోతే నీకు తగ్గిపోయేదంట."

ఎర్మెలిందా కూతుర్ని చూసింది. తర్వాత నిద్రపోతున్న పిల్లను చూసింది.

"ఎవరన్నారు? డాక్టరే ఆగమన్నాడు. అప్పుడు కొయ్యడం కుదరదన్నాడు."

ఇసోలినా తండ్రి వైపు తిరిగింది. ఫెర్మీన్ పొయ్యిలో కట్టె సర్దుతున్నాడు. తల తిప్పకుండా, "అవునమ్మా. డాక్టరే ఆగమన్నాడు" అన్నాడు.

గుడ్డ పిండుతున్న సొయిలా కూడా, తను అక్కడే ఉండి విన్నానంది. ఆ రోజు ఆవిడ ఊళ్లోనే ఉంది.

ఎర్మెలిందా అక్టోబరు నాలుగున, నాట్లు పూర్తయిన వారానికి కన్నుమూసింది. ఎలియానాకి రెండేళ్లు దాటి నెలన్నర. ఇసోలినా చెల్లెల్ని చంకనేసుకుని తిరిగేది. నెల్దాకి గానీ, ఆ పిల్లలిద్దరికీ గానీ ఆగమన్నది డాక్టరేనన్నది తప్ప ఇంట్లో ఎవరూ ఇంకో మాట చెప్పలేదు.