కొండ కనిపించే వైపు సీటు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నా నోట్లో పడిన చీమ బయటికొచ్చేసరికి ఏనుగై ఉంటుంది. కాబట్టి ఇక్కడ ప్రతిదాన్నీ పదితో భాగించుకొని చదవండి. నిఖార్సయిన అబద్ధం ఒకటుంది, అదేదో చివర్లో నేనే చెబుతాను.

మొన్న హైదరాబాదు నుంచి తిరుపతికి విమానం టికెట్టు తీసుకుంటుంటే ఫోనులో సీట్ల పటం వచ్చింది. ఆ బుల్లి గళ్ల ముందు, పిల్లకు సంబంధం చూసే తండ్రిలా గంటన్నర కూర్చున్నాను. దక్షిణంగా పోయే విమానానికి తూర్పు ఎడమచేతి వైపు గనక మా ఉదయగిరి కొండ ఎడమ కిటికీలోంచే కనబడాలి. రెక్క మీది వరస పనికిరాదు, రెక్క తప్ప మరేమీ కనబడదు. పొద్దుటి విమానమైతే ఎండ కళ్లలో పొడుస్తుంది, సాయంత్రమైతే అదే ఎండ మన వెనకనుంచి పోయి కొండ మీద పడుతుంది. ఇంత శాస్త్రం నాకు విమానాలు నేర్పలేదు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే పొద్దుటి బస్సు నేర్పింది.

ఆత్మకూరు హాస్టల్లో చదివే రోజుల్లో ప్రతి సోమవారం నేనూ చాంద్‌బాషా ఆ బస్సెక్కేవాళ్లం. వాళ్ల నాయన చెక్క గరిటెలు చేసేవాడు. వాడి చొక్కా ఎప్పుడూ పచ్చికొయ్య వాసన వేసేది. బస్సు స్టాండులోకి తిరిగీ తిరగకముందే నాలుగు వేలమంది కిటికీల్లోంచి తువ్వాళ్లు విసిరేవాళ్లు. తువ్వాలు పడ్డ సీటు కలెక్టరొచ్చినా ఖాళీ అయ్యేది కాదు. అందరికీ కుడివైపే కావాలి, పొద్దుటెండ తగలదని. మాకూ కుడివైపే కావాలి, కొండ ఆ పక్కనే వెనక్కి జరుగుతూ చాలాసేపు కనిపిస్తుందని. అది కనిపించినంతసేపూ మేమింకా ఇల్లు విడవనట్టే.

ఒకసారి, ఉగాది సెలవులైపోయి తిరిగి పోయే రోజు, అవ్వ తను వండిన బెల్లం నిప్పట్లు మూటగట్టిన తువ్వాలునే తొందరలో కిటికీలోకి గిరాటేశాను. ఆ బస్సు సీతారామపురానిది. మూట సీట్లో దర్జాగా కూర్చుని వెళ్లిపోయింది.

"ఏందిరా, మీ అవ్వ నిప్పట్లకు సీటు దొరికింది, మనకు దొరకలా!" అని బాషా స్టాండంతా దొర్లి దొర్లి నవ్వినాడు. నేనేడ్చిన ఏడుపుకు ఆ రోజు పెన్న పొంగి, సంగం కాలవల కింద మడులన్నీ మునిగాయి.

మా బస్సొచ్చేసరికి కుడివైపు ఒక్క కిటికీ మిగిలింది. నేను కూర్చున్నాను. నా భుజం అడ్డమై బాషాకు బయటేమీ కనబడదు.

"ఉండాదారా?" అన్నాడు.

"ఉండాది."

కొండ ఒక మలుపులో మాయమైంది. వాడు కళ్లు తుడుచుకుంటూ మళ్లీ అడిగాడు.

"ఉండాది లేరా, రోంత చిన్నదైంది, అంతే."

అలా ఆత్మకూరు డిపో దాకా ఆ కొండను ఒంటిచేత్తో మోసుకొచ్చాను. హాస్టలు వదిలేదాకా అదే ఏర్పాటు.

ఇప్పుడు తువ్వాళ్లు విసిరేవాళ్లు లేరు, పోట్లాడాల్సిన పనీ లేదు. బాషా పదో తరగతి తర్వాత లారీలమీద వెళ్లిపోయాడు. వాళ్ల వీధిలో అడిగితే తలా ఒక ఊరు చెప్పారు. విమానంలో కోరుకున్న కిటికీ నాకే దొరికింది. పక్కాయన చెవుల్లో ఏవో కుక్కుకొని నిద్రపోయాడు. కింద కొండలు, ఉతికి ఆరేసిన దుప్పట్లలా, ముడతలు ముడతలుగా పోతున్నాయి. బస్సులోంచి మా కొండకు మొహం ఉండేది. పైనుంచి చూస్తే అన్నిటికీ నడినెత్తే. మాదేదో తెలియలేదు. ఎవర్నడగను?

ఇక, చెబుతానన్న అబద్ధం. నిప్పట్లు పోయింది నిజమే. కిటికీ దగ్గర కూర్చున్నది మాత్రం నేను కాదు, బాషా. పక్కన కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ అడిగింది నేను. ఆత్మకూరు దాకా మోసింది వాడు. ప్రతి సోమవారం కిటికీ నాకిస్తాననే అనేవాడు. నేనే వద్దనేవాణ్ణి, అక్కడ కూర్చుంటే, కొండ లేదని నా కళ్లతో నేనే చూడాల్సి వచ్చేది.